పరాయి మైదానంలో శనివారం

ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా అమెరికాలో శనివారం అంటే కాలేజీ ఫుట్‌బాల్. శుక్రవారం సాయంత్రం సైట్ గేటు మూసేటప్పుడు ఇక్కడి కార్పెంటర్లు, ఎలక్ట్రీషియన్లు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే: "రేపు ఆట ఇక్కడా, బయటా?" ఇక్కడ అంటే సొంత ఊళ్లో. బయట అంటే అవతలి కాలేజీ ఊళ్లో. బయట ఆడే ఆటను వీళ్లు రోడ్ గేమ్ అంటారు. రోడ్ గేమ్ అనగానే పెద్ద జట్టు అభిమాని ముఖంలో కూడా కాస్త బెరుకు కనిపిస్తుంది.

ఈ ఆట చూడని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ ముందుకు పోయే ఆట. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి, లేదంటే బంతి అవతలివాళ్లకు పోతుంది. నాకైతే మొదటిసారి చూసినప్పుడు కబడ్డీయే గుర్తొచ్చింది. మన కోర్టులో ఎంత మొనగాడైనా, గీత దాటి కూతకు వెళ్లినప్పుడు ఒంటరివాడే. రోడ్ గేమ్ అంటే జట్టు మొత్తం కూతకు వెళ్లడం.

దానికి వాళ్లు ఎలా సిద్ధమవుతారో చూస్తే మనవాళ్లకు చెప్పాల్సిన సంగతి ఒకటుందనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

శనివారం ఒక ఆట ముగిసిందంటే మర్నాటి నుంచే వచ్చే ఆట పని మొదలవుతుంది. అవతలి జట్టు ఆడిన ఆటల వీడియోలు ముందేసుకుని కూర్చుంటారు. ఎవడు ఎడమకు ఎక్కువ తిరుగుతాడు, ఎవడు మూడో ప్రయత్నంలో తొందరపడతాడు అని రాసుకుంటారు. సొంత జట్టులోనే కొంతమంది కుర్రాళ్లను అవతలి జట్టులా ఆడమని ఎదురుగా నిలబెడతారు. పాపం, ఈ కుర్రాళ్లలో చాలామందికి శనివారం మైదానంలోకి దిగే అవకాశమే రాదు. వారమంతా శత్రువు వేషం వేసి దెబ్బలు తినడమే వాళ్ల పని. జట్టు కంటే ముందే ఒక ట్రక్కు బయలుదేరుతుంది. హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు, బూట్లు, టేపు, మందులు అన్నీ అందులో పోతాయి. శుక్రవారం జట్టు చేరుతుంది. హోటల్లో మళ్లీ మీటింగ్, రాత్రి ఇన్ని గంటలకల్లా గదిలో ఉండాలని కట్టడి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం శబ్దం కోసం చేసే సాధన. మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు అవతలి ఊరి జనం ఊరుకోరు. కాళ్లతో బెంచీలు బాదుతారు, గొంతులు చించుకుని అరుస్తారు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట పక్కవాడికి వినిపించకూడదని వాళ్ల పట్టుదల. వినిపించకపోతే ఒకడు ముందు కదులుతాడు, ఒకడు వెనకబడతాడు, 5 గజాలు జరిమానా పడుతుంది. అందుకని కోచ్‌లు సాధన చేసే మైదానం పక్కన పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, రికార్డు చేసిన జనం గోలను చెవులు పగిలేలా వినిపిస్తారు. ఆ గోలలోనే పని నేర్పిస్తారు. నోటి మాట పక్కన పెట్టేసి, సైగలతో నడిపిస్తారు. క్వార్టర్‌బ్యాక్ సిద్ధం కాగానే కాలు ఎత్తో, చెయ్యి ఊపో చూపిస్తాడు. వెనక్కి చూస్తున్న గార్డ్ అది గమనించి పక్కనున్న సెంటర్‌ను తడతాడు. సెంటర్ తల ఎత్తి, ఒక్క క్షణం ఆగి బంతి వెనక్కిస్తాడు. నోరు తెరవకుండా 11 మంది ఒకేసారి కదులుతారు. 2024 నుంచి పెద్ద డివిజన్ జట్లలో ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే రేడియో కూడా అనుమతించారు. అయినా అది కోచ్ నుంచి ఒక్కడికే. ఆ ఒక్కడి నుంచి మిగతా 10 మందికి మళ్లీ సైగే దిక్కు.

ఇది మనకు కొత్తా? కాంక్రీట్ పంపు నడుస్తుంటే, పక్కన బ్రేకర్ కొడుతుంటే, క్రేన్ ఆపరేటర్‌కు సిగ్నల్ మ్యాన్ చేతులతోనే చెబుతాడు. చాచిన చెయ్యి అరచెయ్యి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపితే ఆగు, బొటనవేలు కిందికైతే బూమ్ దించు. తేడా ఒక్కటే. వాళ్లు గోల ఎలా ఉంటుందో ముందే విని వస్తారు. మనం వచ్చాక వింటాం.

గల్ఫ్‌లో నేను పనిచేసేటప్పుడు మా గ్యాంగ్‌లోకి జగిత్యాల వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఊళ్లో వ్యవసాయం తప్ప వేరే పని ఎరగడు. మొదటి రోజే పదకొండో అంతస్తులో సెంట్రింగ్ పని. మధ్యాహ్నానికి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇట్లుంటదని ఎవరూ చెప్పలే" అన్నాడు. ఎండ సంగతి చెప్పలేదా, ఎత్తు సంగతా, జీతం సంగతా అని అడిగాను. "ఏదీ చెప్పలే" అన్నాడు. ఏజెంటుకు లక్షన్నర కట్టి వచ్చినవాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

సిద్ధపడి వెళితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో ఎవర్ని కదిలించినా ఒక కథ చెబుతారు. 2007 సెప్టెంబరు 1. నార్త్ కరోలినా కొండల్లో బూన్ అనే చిన్న ఊరు. అక్కడి అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ జట్టు మిషిగన్ యూనివర్సిటీతో ఆడటానికి యాన్ ఆర్బర్ వెళ్లింది. మిషిగన్ అంటే అప్పుడు దేశంలో 5వ ర్యాంకు. వాళ్ల స్టేడియంలో ఆ రోజు కూర్చున్నవాళ్లు లక్షా 9 వేల మందికి పైగా. అపలాచియన్ స్టేట్ ఆడేది పై డివిజన్ కూడా కాదు, దాని కింది డివిజన్. ఆ రోజుల్లో పై డివిజన్ కాలేజీ 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, కింది డివిజన్‌కు 63 మాత్రమే. తమ డివిజన్‌లో 2005, 2006లో వరుసగా చాంపియన్లు అయినా, మిషిగన్ ముందు వీళ్లను లెక్కపెట్టినవాడు లేడు. వచ్చి, ఆడి, ఓడి, చెక్కు తీసుకుని పోతారనే అందరూ అనుకున్నారు.

అవును, చెక్కే. ఆ ఒక్క ఆట ఆడినందుకు మిషిగన్ వాళ్లు అపలాచియన్ స్టేట్‌కు ఇచ్చింది 4 లక్షల డాలర్లు. ఇలాంటివాటిని గ్యారంటీ గేమ్ అంటారు. పెద్ద కాలేజీకి సొంత ఊళ్లో ఒక తేలిక ఆట కావాలి, టిక్కెట్లు అమ్ముకోవాలి, సీజన్‌లో ఒక గెలుపు ఖాతాలో పడాలి. చిన్న కాలేజీకి డబ్బు కావాలి. బేరం కుదురుతుంది.

అపలాచియన్ స్టేట్ కోచ్ జెర్రీ మూర్‌కు అప్పటికి 68 ఏళ్లు. 1989 నుంచి ఆయనే కోచ్. బరువుకు బరువు పెట్టి పెద్ద కాలేజీల మీద గెలవలేమని ఆయనకు తెలుసు. అందుకే అంతకు ముందే జట్టు పద్ధతి మార్చి, ఆటగాళ్లను మైదానమంతా వెడల్పుగా పరిచి, వేగం మీద ఆడించడం మొదలుపెట్టాడు. ఆర్మాంటి ఎడ్వర్డ్స్ అనే బక్కపలచని క్వార్టర్‌బ్యాక్ ఆ పద్ధతికి సరిగ్గా సరిపోయాడు. మొదట మిషిగన్ స్కోరు చేసింది. ఆ వెంటనే డెక్స్టర్ జాక్సన్ బంతి అందుకుని 68 గజాల టచ్‌డౌన్‌తో లెక్క సరిచేశాడు. సగం ఆట ముగిసేసరికి 28-17తో ముందున్నది కొండల నుంచి వచ్చినవాళ్లే. చివర్లో మిషిగన్ 32-31తో ముందుకొచ్చింది. అప్పుడు ఆ లక్షమంది చేసిన గోల ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆ గోలలోనే అపలాచియన్ స్టేట్ బంతిని నడిపించుకుపోయి, 26 సెకన్లు మిగిలి ఉండగా ఫీల్డ్ గోల్ కొట్టి 34-32 చేసింది. ఆఖరి బంతికి మిషిగన్ తన్నిన ఫీల్డ్ గోల్‌ను కోరీ లించ్ ఎగిరి అడ్డుకున్నాడు. అంతే. ర్యాంకుల్లో ఉన్న పై డివిజన్ జట్టును ఆ కింది డివిజన్ జట్టు ఓడించడం అదే మొదటిసారి. ర్యాంకులు వేసే అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు కింది డివిజన్ జట్లకు కూడా ఓటు వేయొచ్చని నిబంధన మార్చుకోవాల్సి వచ్చింది.

అదొక్కటే కాదు. ఇదే అపలాచియన్ స్టేట్ 2014లో పై డివిజన్‌కు వెళ్లాక, 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం మైదానంలో 6వ ర్యాంకు జట్టును 17-14తో ఓడించింది. దానికి వాళ్లకు ముట్టింది 15 లక్షల డాలర్లు. 2024లో నార్తర్న్ ఇల్లినాయ్ జట్టు 14 లక్షలు పుచ్చుకుని నోటర్‌డామ్ వెళ్లి 16-14తో గెలిచి వచ్చింది. డబ్బిచ్చి పిలిపించుకుని మరీ ఓడిపోయినందుకు ఇక్కడి జనం ఇప్పటికీ నవ్వుకుంటారు.

అన్ని రోడ్ గేములూ ఇలా ఉండవు. నిజానికి చాలావరకు ఉండవు. 2012లో సవన్నా స్టేట్ అనే చిన్న కాలేజీ వరుసగా రెండు శనివారాలు ఇలాగే వెళ్లింది. ఓక్లహోమా స్టేట్ చేతిలో 84-0, ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0. రెండో ఆట గాలివాన వల్ల మధ్యలోనే ఆపేశారు, లేకపోతే ఇంకెంత అయ్యేదో. రెండు ఆటలకు కలిపి కాలేజీకి వచ్చింది 8 లక్షల 60 వేల డాలర్లు. ఆ డబ్బు కాలేజీ క్రీడల బడ్జెట్‌లోకి పోయింది. దెబ్బలు కుర్రాళ్ల ఒంటిమీదకు వచ్చాయి.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాను. చెక్కు మీద సంతకం పెట్టేది ఒక ఆఫీసు, అందుకునేది ఇంకో ఆఫీసు. మధ్యలో ప్రయాణం చేసేది, గోల వినేది, కిందపడేది ఎవరు? ఆ కాగితంలో వాళ్ల పేరు ఎక్కడా లేదు. మ్యాన్‌పవర్ సప్లై కంపెనీల్లో పనిచేసిన ఏ మేస్త్రీకైనా ఈ లెక్క చెప్పక్కర్లేదు. క్లయింటు మన తలకు గంటకు ఎంత కడుతున్నాడో మనకు తెలియదు. మన చేతికి వచ్చేది మాత్రం తెలుసు.

ఈ కుర్రాళ్లను మైదానానికి అంత శ్రద్ధగా సిద్ధం చేసిన కాలేజీలు, కాగితానికి మాత్రం ఎన్నడూ సిద్ధం చేయలేదు. చాలా ఏళ్లు వాళ్లకు తెలియనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ అనే కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పనివాళ్ల నష్టపరిహారం కింద దరఖాస్తు పెట్టుకుంది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కాబట్టి అతను ఉద్యోగి కాడని తీర్పు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ, ఆటగాణ్ణి 'స్టూడెంట్ అథ్లెట్' అనే మాటతోనే పిలవాలని పట్టుబట్టింది. పరిహారం దావాల భయంతోనే ఆ పేరు పుట్టించామని అప్పటి సంఘం అధిపతి వాల్టర్ బయర్స్ 1995లో తన పుస్తకంలో తనే ఒప్పుకున్నాడు.

పేరు మార్చితే బాధ్యత తప్పుతుందన్నమాట. మనకు ఈ విద్య కొత్త కాదు. వీసా మీద ఒక పని, చేయించేది ఇంకో పని. పదేళ్ల అనుభవం ఉన్న మేసన్ కాగితం మీద హెల్పర్. దెబ్బ తగిలిన రోజునే ఆ పేరు విలువ తెలుస్తుంది.

ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఊరుకోలేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆటగాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ కెయిన్ కోల్టర్ ముందుండగా యూనియన్ పెట్టడానికి దరఖాస్తు చేశారు. వైద్యం, గాయాల ఖర్చు వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. ప్రాంతీయ లేబర్ అధికారి వీళ్లు ఉద్యోగులే అన్నాడు. 2015లో పై బోర్డు మాత్రం ఈ విషయం మా పరిధిలోకి తీసుకోం అని వదిలేసింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఎన్‌సీఏఏ కట్టడులను తప్పుపట్టారు. ఆ మరుసటి నెల నుంచే ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద ప్రకటనల డబ్బు తీసుకోవడం మొదలైంది. 2025 జూన్ 6న మరో కేసులో రాజీకి కోర్టు ఆమోదం ఇచ్చింది. దాని ప్రకారం 2025-26లో ఒక్కో కాలేజీ ఆటగాళ్లకు నేరుగా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చు. పంచవచ్చు అన్నారు, పంచాలి అనలేదు. గ్యారంటీ చెక్కుల కోసం ఊళ్లు తిరిగే చిన్న కాలేజీల దగ్గర అంత డబ్బు ఎక్కడిది? పైగా ఎఫ్-1 వీసా మీద వచ్చి ఆడే విదేశీ విద్యార్థికి పని మీద ఆంక్షలున్నాయి కాబట్టి, పక్కవాడికి వచ్చే ప్రకటన డబ్బు తనకు రావడం కష్టం. ఒకే జట్టు, ఒకే చొక్కా, పాస్‌పోర్టు వేరు.

మరి మన సంగతి? ఈ కాలేజీ కుర్రాళ్లకు కనీసం మైదానం గురించి చెప్పి పంపుతారు. ఆగస్టు ఎండలో సాధన మొదలైన కొత్తలో హెల్మెట్ ఒక్కటే పెట్టిస్తారు, ప్యాడ్లన్నీ ఒకేసారి వేయనివ్వరు. ఒంటికి ఎండ అలవాటు కావాలని. సైట్లకూ ఇలాంటి లెక్క ఉంది. ఎండలో పనికి కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే ఇవ్వాలి, రోజుకు 20 శాతానికి మించి పెంచకూడదు అని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెబుతుంది. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని నిషేధం. ఇవన్నీ ఉన్నాయి. విమానం ఎక్కేవాడికి చెప్పేవాళ్లే లేరు.

అసలు లేరని కూడా అనలేం. పదో తరగతి పాసవకుండా గల్ఫ్ లాంటి చోట్లకు వెళ్లేవాళ్ల కోసం కేంద్ర విదేశాంగ శాఖ వెళ్లేముందు ఒక రోజు ఉచిత శిక్షణ పెట్టింది. లైసెన్సున్న ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఇంకేమీ తీసుకోకూడదని నిబంధన ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. అయితే మా కుర్రాడిలాంటివాళ్లు ఆ తలుపుల దగ్గరికి పోరు. ఊళ్లో తెలిసిన బాబాయో, పక్కూరి ఏజెంటో చెప్పిన మాట మీద విజిట్ వీసాతోనో, ఫ్రీ వీసా అనే పేరుతోనో ఎక్కేస్తారు. ఫ్రీ వీసా అంత ఖరీదైన వస్తువు నేనింకోటి చూడలేదు.

ఒక రోజు శిక్షణ సరిపోతుందా అంటే సరిపోదు. ఫుట్‌బాల్ జట్టు ఒక్క శనివారానికి వారమంతా సాధన చేస్తుంది. రెండేళ్ల కాంట్రాక్టుకు ఒక రోజేనా? ప్రభుత్వాలు ఆ ఒక రోజును కనీసం వారం చేయాలి. అదీ హైదరాబాదులోనో, విజయవాడలోనో కాదు, జగిత్యాల, నిజామాబాద్, కడప, రాజంపేట లాంటి వలస ఊళ్లలో జరగాలి. క్లాసులో కూర్చోబెట్టి కాగితాలు చదివితే నిద్రపోతారు. హెల్మెట్, హార్నెస్ తొడిగి స్కాఫోల్డింగ్ ఎక్కించాలి. నాలుగు హిందీ ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు నోటికి పట్టించాలి. కాంట్రాక్టు తెలుగులో చేతికిచ్చి, జీతం ఎంత, ఓవర్‌టైం ఎలా, తిండి ఎవరిది, దెబ్బ తగిలితే ఎవరు చూడాలి అన్న నాలుగు గీతలు వాళ్ల చేతే చదివించాలి. నేర్పేవాళ్లు కూడా ఆఫీసర్లు కానక్కర్లేదు. పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడ పనిచేసి తిరిగొచ్చిన మేస్త్రీలు ప్రతి ఊళ్లో ఉన్నారు. అవతలి జట్టు వేషం వేసి ఎదురుగా నిలబడటానికి వాళ్లకంటే తగినవాళ్లెవరు?

నేను గల్ఫ్ వెళ్లిన కొత్తలో సంతకం పెట్టిన కాగితం ఇంగ్లిష్‌లో, అరబ్బీలో ఉంది. డిప్లొమా చదివినవాణ్ణి, ఇంగ్లిష్ చదవగలను. చదవలేదు. కౌంటర్ దగ్గర వెనకాల 40 మంది నిలబడి ఉన్నారు, తొందరపెట్టారు, పెట్టేశాను. ఊళ్లో చెప్పిన జీతానికి, ఆ కాగితంలో ఉన్నదానికి తేడా మొదటి జీతం రోజున తెలిసింది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టే అర్హత నాకేం లేదు.

మా బావమరిది తమ్ముడు వచ్చే నెల వెళ్తున్నాడు. డ్రైవర్ పని అని చెప్పారట. కాంట్రాక్టు ఫొటో తీసి పంపరా అని పోయిన ఆదివారం ఫోన్ చేశాను. "పంపుతా బావా" అన్నాడు. వీసా కాపీ ఒక్కటే వచ్చింది. అందులో వృత్తి అన్నచోట డ్రైవర్ అని లేదు. ఈ శనివారం ఆట చూడటం మానేసి వాడికి మళ్లీ ఫోన్ చేయాలి.